కరిగాక వాడవలెను

కొన్ని మాటలు వింటే కొందరికి ఒళ్ళు మండుతుంది. ఆ ప్రయోగశాలలో కణాల పరీక్షలు చూసే సీనియరు శాస్త్రవేత్తకు అటువంటి మాట "హస్తవాసి". వైద్యం చేసే డాక్టరు గురించి ఎవరైనా ఆ మాట అంటే ఆవిడ విననట్టే ఊరుకునేది. రోగికి దానివల్ల కాస్త ధైర్యం వస్తే రానిమ్మనుకునేది. కాని కేన్సరు కణాలను చంపగల అణువుల కోసం పగలంతా వెతికే చోట, డాక్టరేటు పుచ్చుకున్నవాళ్ళు ముగ్గురు టీ కప్పులు పట్టుకొని, తమ టెక్నీషియన్ గురించి "ఆ అమ్మాయి హస్తవాసి అలాంటిదండీ, మనం పోటీపడలేం" అని తీర్మానించి బిస్కట్ల డబ్బా కోసం చెయ్యి చాపడం మాత్రం ఆవిడ సహించలేకపోయింది.

"హస్తవాసీ లేదు, పాడూ లేదు," అంది. "ఆ హస్తం ఏం చేస్తోందో మనకు తెలియదు. దానికి అంత అందమైన పేరు పెట్టక్కర్లేదు."

"మొదలెట్టిందయ్యా సందేహాలమ్మ," అన్నాడు వంటాయన, పక్కవాళ్ళకేసి చూసి.

ఆ పేరు ఆవిడకు పెట్టింది ఆయనే. ఆయన రసాయన శాస్త్రవేత్త. పొద్దస్తమానం ఫ్లాస్కుల్లో ఏవేవో మరగబెట్టి కొత్త అణువులు తయారుచేస్తాడు కాబట్టి వంటాయన అన్న పేరు ఆవిడ పెట్టింది. పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఆ పేర్లతోనే ఒకరినొకరు భరిస్తున్నారు.

తగువంతా వంటాయన చేసిన నూట పదిహేడో అణువు గురించి. దాని పరీక్ష చెప్పుకోవడానికి తేలికైనది. తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో రొమ్ము కేన్సరు కణాలను పెంచుతారు. గుంటల్లో మందు వేసి మూడు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచుతారు. తరువాత ఒక నీలం రంగు కలుపుతారు. కణాలు బతికి ఉంటే కొన్ని గంటల్లో ఆ నీలం గులాబీ అవుతుంది. చచ్చిపోతే నీలం నీలంగానే మిగులుతుంది. అంటే కేన్సరు వైపు నిలబడ్డ గుంట గులాబీ, మన వైపు నిలబడ్డ గుంట నీలం.

టెక్నీషియన్ చేసినప్పుడల్లా పళ్ళెం నీలం. ఏడాదిలో పదకొండుసార్లు చేసింది, పదకొండుసార్లూ నీలమే. పరిశోధక విద్యార్థిని చేస్తే గులాబీ. ఆమె తోటి విద్యార్థి చేస్తే గులాబీ. చివరికి సందేహాలమ్మ స్వయంగా చేతులు కడుక్కుని కూర్చుని చేసినా గులాబీయే, అదీ వెక్కిరిస్తున్నంత ముదురుగా.

టెక్నీషియన్ ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. ఎనిమిదేళ్ళలో ఒక్క పళ్ళెం పాడుచేయలేదు. పని ముగించి ఆమె తీసిపారేసిన చేతితొడుగు అరచేతి మీద ఒకసారి "117" అని తిరగేసిన అంకెలు కనబడితే, వంటాయన దాన్ని చెత్తబుట్టలోంచి పట్టకారుతో ఎత్తి అందరికీ చూపించాడు. "చూశారా, ఆ అంకె ఆ అమ్మాయి చేతిలోనే రాసిపెట్టి ఉంది. మీకు లేదు. ఏడవకండి." అందరూ నవ్వారు. సందేహాలమ్మ నవ్వలేదు, పట్టకారు కడిగి పెట్టమంది. ఆ తొడుగును ఇంకొంచెంసేపు చూసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఒక్కరి చేతిలోనే వచ్చే ఫలితం ఫలితం కాదని, కారణం తేల్చాలని సందేహాలమ్మ ప్రయోగశాల అధిపతికి ఉత్తరం రాసింది. అధిపతిని అందరూ పెద్దసారనే అంటారు. ఆయనకు ఏ ఉత్తరమైనా మొదటి వాక్యం వరకే చదివే అలవాటు. కారణం తేల్చమంటే, ఆయనకు దోషిని తేల్చమన్నట్టు వినిపించింది.

"అంటే ఆ అమ్మాయి అంకెలు కల్పించి రాస్తోందంటారు," అన్నాడు.

"నేనలా అనలేదండీ."

"మర్యాదకొద్దీ అనలేదు. నాకర్థమైంది."

"మీకర్థం కాలేదు సార్. అదే నా బాధ."

పెద్దసారు బాధలు వినే మనిషి కాదు, ఏర్పాట్లు చేసే మనిషి. సోమవారం రెండు గంటలకు తన కళ్ళెదుట టెక్నీషియన్ ఆ పరీక్ష చేయాలన్నాడు. కణాల పని చేసే హుడ్, అంటే వడగట్టిన గాలి వచ్చే అద్దాల పెట్టె, ఆ అంతస్తులో ఒక్కటే పనిచేస్తుంది. దాన్ని పక్క ప్రయోగశాలవాళ్ళతో పంచుకోవాలి. ఒంటిగంట నుంచి రెండు వరకు అక్కడ కూర్చునే పొరుగాయన ఏనాడూ వేళకు లేచినవాడు కాదు. ఆ రోజు పెద్దసారు ఆయనకు ముందే కబురుపెట్టి ఒకటిన్నరకే ఖాళీ చేయించాడు. ఆలస్యం కాకూడదని విద్యార్థిని గడ్డకట్టిన మందు సీసాను ముందుగానే ఫ్రీజరులోంచి తీసి స్టాండులో నిలబెట్టింది. ముగ్గురు మనుషులు వెనక నిలబడ్డారు. టెక్నీషియన్ రెండింటికి వచ్చి, రెండూ ఒకటికి కూర్చుని, రెండున్నరకల్లా లేచింది. అంత నున్నగా జరిగిన ప్రయోగం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

గురువారం మధ్యాహ్నం కాకముందే చూస్తే పళ్ళెం ఈ చివర నుంచి ఆ చివరకు గులాబీ.

"ఇంకేముంది," అన్నాడు పెద్దసారు. "మనం చూస్తుంటే రాదు, చూడకపోతే వస్తుంది. సోమవారం విచారణ సంఘానికి రాస్తాను. అప్పటిదాకా ఆ అమ్మాయి పళ్ళేలు ముట్టుకోకూడదు."

అలాంటి ఉత్తరం ఒకసారి వెళ్ళిందంటే, నిజం తరువాత ఎటు తేలినా, టెక్నీషియన్‌ను ఇంకో ప్రయోగశాల గడప తొక్కనివ్వరు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. సందేహాలమ్మకు ఇంకొకటి కూడా తెలుసు. దీన్ని మొదలుపెట్టింది తన ఉత్తరం.

టెక్నీషియన్ వరండాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏడవడం లేదు. తన చేతులకేసి చూసుకుంటోంది.

"మేడం, నేను దొంగ అంకెలు రాశానని మీరూ అనుకుంటున్నారా?"

"అనుకోవడం నా పని కాదు."

"అంటే అనుకుంటున్నారు."

"అమ్మా, నా ఓపిక పరీక్షించకు. నువ్వు ఏం చేస్తావో మొదటి నుంచి చెప్పు. ఒక్కటి వదలొద్దు."

టెక్నీషియన్ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "సీసా ఫ్రీజరులోంచి తీస్తాను. స్పిరిటుతో తుడుస్తాను. హుడ్ దగ్గరికి వెళ్తాను. పొరుగుసారు లేచేదాకా నిలబడతాను. తరవాత..."

"నిలబడ్డం సంగతి కాదు. పని చెప్పు."

"సరే మేడం. తరవాత కూర్చుంటాను. పై నుంచి పది మైక్రోలీటర్లు తీస్తాను..."

చెప్పినదంతా సందేహాలమ్మ పుస్తకంలో రాసుకుంది. పదిహేడు మెట్లు. అన్నీ గోడ మీద అంటించిన విధానపత్రంలో ఉన్నవే. అన్నీ తనూ చేసినవే. చిరాకు నెత్తికెక్కింది. అబద్ధమాడితే పట్టుకోవచ్చు; ఇంత నిజం చెప్పే మనిషిని ఏం చేయాలి?

ఆవిడ అప్పటికప్పుడు ఒక నిర్ణయానికి వచ్చింది. టెక్నీషియన్‌కు కేటాయించిన రెండింటి వేళలో, అదే కుర్చీలో, అదే పరీక్ష తను మళ్ళీ చేస్తుంది. సీసా తీసింది, స్పిరిటుతో తుడిచింది, రెండింటికి వెళ్ళి హుడ్ ముందు నిలబడింది. పొరుగాయన చెవుల్లో పాట పెట్టుకుని, తల ఊపుతూ పనిచేసుకుంటున్నాడు.

"రెండయింది," అంది.

"అయిదు నిమిషాలండీ."

ఆ అయిదు నిమిషాలు ఎటువంటివో ఆ అంతస్తులో అందరికీ అనుభవమే. సందేహాలమ్మ ఎడమ గుప్పిట్లో సీసా పట్టుకుని, కుడిచేత్తో పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఈసారి మాత్రం ఫిర్యాదు చేసి తీరాలని కాలం వేసి రాయడం మొదలుపెట్టింది. రెండూ పది: పొరుగాయన లేవలేదు. రెండూ పద్దెనిమిది: లేవలేదు, ఈలపాట. రెండూ ఇరవై అయిదు: లేచి, మళ్ళీ కూర్చున్నారు. రెండూ ముప్ఫై నాలుగు: "ఇదే చివరి పళ్ళెం" అని మూడోసారి చెప్పారు.

"మీకు గడియారం లేదా, లేక సిగ్గు లేదా?" అని అడిగింది ఆవిడ చివరికి, సీసా ఉన్న గుప్పిట ఆయన ముక్కు ముందు ఆడిస్తూ.

"రెండూ ఉన్నాయండీ," అన్నాడు పొరుగాయన శాంతంగా. "పని కూడా ఉంది."

ఆవిడ కుర్చీలో కూర్చునేసరికి రెండూ నలభై. పదిహేడు మెట్లూ వరసగా పూర్తిచేసి, పళ్ళెం వెచ్చని పెట్టెలో పెట్టి, తొడుగులు పీకి బుట్టలో విసిరికొట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఎనభై ఏళ్ళావిడ, మోకాలి నొప్పులు, తరగని కుతూహలం. కోడలి ప్రయోగశాల కబుర్లు ఆవిడకు ధారావాహిక.

"ఆ పిల్లను నిజంగానే పంపించేస్తారుటే?"

"ఏమో అత్తయ్యా. సోమవారం తేలుతుంది."

"పంపేలోగా ఒక్కసారి ఇంటికి పిలువు. ఈ మోకాలి సూది ఆ చేత్తో వేయించుకుంటాను. ఎంతమంది పొడిచినా తగ్గలేదు."

"మీరు కూడానా?"

"నేనేం శాస్త్రవేత్తనా, నాకేం అడ్డం? నమ్మితే మీకు ఉద్యోగం పోతుందిగాని నాకేం పోతుంది."

ఆ మాట సందేహాలమ్మకు మరింత చిరాకు కలిగించింది.

ఆదివారం మధ్యాహ్నం ప్రయోగశాలలో ఎవరూ లేరు. ఫ్రీజర్ల గురక తప్ప చప్పుడు లేదు. ఆవిడ పళ్ళెం తీసి రంగు కలిపి, మూడు గంటలు పాత కాగితాలు చింపుతూ కూర్చుని, అప్పుడు చూసింది.

నీలం. మందు వేసిన ప్రతి గుంటా నీలం.

సంతోషం కలగవలసిన చోట ఆవిడకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా హస్తవాసి అన్న మాట విన్నప్పుడల్లా మొహం మాడ్చుకున్న మనిషికి, యాభై రెండో ఏట తనకే హస్తవాసి అంటుకుంటే ఎలా ఉంటుంది? గ్లాసెడు నీళ్ళు తాగి, పుస్తకం తెరిచింది. మొదటిసారి గులాబీ వచ్చిన రోజు పేజీ ఒక పక్క, గురువారం పేజీ ఇంకో పక్క పెట్టుకుని, వేలు పెట్టి వరసవరసా పోల్చింది. పదిహేడు మెట్లూ ఒక్కటే. తేడా అల్లా, గురువారం పేజీలో అంచున వంకరగా రాసిన పొరుగాయన నేరాలు. రెండూ పది. రెండూ పద్దెనిమిది. రెండూ ఇరవై అయిదు.

ఆ నలభై నిమిషాలూ సీసా ఎక్కడుంది?

ఆవిడ లేచి బుట్ట దగ్గరకు వెళ్ళింది. ఊడ్చే మనిషి బుట్ట ఎత్తేది వారానికోసారి, సోమవారమే. పైవి నాలుగు తీస్తే తను విసిరికొట్టిన ఎడమచేతి తొడుగు దొరికింది. అరచేతి మీద, స్పిరిటుకు చెదిరిన సిరాతో, సీసా మీది అంకెలు తిరగబడి అచ్చుపడ్డాయి: నూట పదిహేడు.

వెంటనే టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది.

"పొరుగాయన లేచేదాకా నిలబడతానన్నావే, అప్పుడు సీసా ఎక్కడుంటుంది?"

అవతల ఎవరో పిల్లలు కొట్టుకుంటున్నారు. "చేతిలోనే మేడం. అక్కడ స్టాండు లేదుగా, ఇంకెక్కడ పెట్టను? తప్పా?"

"తప్పో ఒప్పో తరవాత. ఎంతసేపు?"

"అది పొరుగుసారు దయ. అరగంట, ముప్పావుగంట."

"ఊరికే పట్టుకుంటావా?"

"తొడమీద కొట్టుకుంటూ ఉంటాను. విసుగుపుట్టి."

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పానుగా మేడం. నిలబడ్డం పని కాదన్నారు."

సందేహాలమ్మ ఫోను పెట్టేసి, ఒక నిమిషం పాటు తనను తాను తిట్టుకుంది. తరువాత చేయవలసింది చేసింది. మందును ఒక ద్రావకంలో కలిపి, వెలుతురుకు చెడకుండా ముదురు గోధుమరంగు సీసాల్లో గడ్డకట్టించి దాస్తారు. లోపల ఏముందో కనబడదు. ఫ్రీజరులోంచి ఒక సీసా తీసి, మిగతావాళ్ళు చేసినట్టే స్టాండులో ఉంచింది. ఏసీ గదిలో ఇరవై ఒక్క డిగ్రీలు. గడ్డకట్టిన ద్రావకం ఆ చల్లదనంలోనే మెల్లగా నీరయింది. దాన్ని తెల్లగాజు గొట్టంలోకి ఒంపి, కిటికీ వెలుగులో పట్టుకుంది. అడుగున సుద్దపొడిలాంటి సన్నని తెల్లని మడ్డి. మందంతా అక్కడుంది. ఇన్నాళ్ళూ అందరూ పైనుంచి తీసి కణాలకు పోసింది దాదాపు ఒట్టి ద్రావకం. గొట్టాన్ని గుప్పిట్లో బిగించి, ఊపుతూ, గది చుట్టూ తిరిగింది. పావుగంటకు గుప్పిట విప్పితే మడ్డి లేదు. గొట్టం కడిగిన అద్దంలా ఉంది.

ఫ్రీజరులో మందు డబ్బా మూత మీద వంటాయన గుండ్రటి అక్షరాలు: "కరిగాక వాడవలెను." ఏడాదిగా అందరూ చదువుతున్నవి ఆ రెండే మాటలు. ఆవిడ మొదటిదాన్ని మళ్ళీ చదివింది. గడ్డ కరిగినా కరగడమే. ద్రావకంలో పొడి కరిగినా కరగడమే. భాష రెంటికీ ఒకే మాట ఇచ్చి ఊరుకుంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ, అందులోనూ సందేహాలే వృత్తిగా బతుకుతున్న తనకు, ఏది కరిగాక అని అడగాలని తోచలేదు.

సోమవారం పొద్దున్నే పెద్దసారు గదిలోకి వెళ్ళేసరికి వంటాయన అక్కడే ఉన్నాడు. విచారణ సంఘానికి ఉత్తరం కంప్యూటరు తెర మీద తెరిచి ఉంది.

"వంటాయనా, మూత మీద కరిగాక అని రాశారు. ఏది కరిగాక?"

"మందు. ఇంకేది? గోరువెచ్చగా పెట్టి, ఊపి, కరిగాక వాడాలి."

"గోరువెచ్చగా అని ఎక్కడ రాశారు?"

"అది కూడా రాయాలా? చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"మాకెవరికీ తెలీదు. మేం గడ్డ కరిగాక అనుకున్నాం, ఏడాదిపాటు." ఆవిడ సంచిలోంచి రెండు తెల్లగాజు గొట్టాలు తీసింది. రెండింట్లోనూ అడుగున మడ్డి. ఒకటి బల్ల మీద నిలబెట్టి, రెండోది పెద్దసారు చేతికిచ్చింది. "దీన్ని గుప్పిట్లో పెట్టుకోండి సార్. అప్పుడప్పుడూ ఊపండి. పావుగంట."

"నాకు మీటింగుంది."

"ఒకరి బతుకు గురించి ఉత్తరం రాయడానికి తీరికుంది కదా."

పెద్దసారు జీవితంలో పావుగంట ఏమీ చేయకుండా కూర్చోవడం అదే మొదలేమో. ఫోను మోగితే ఎడమచేత్తో ఎత్తబోయి కింద పడేశాడు. సంతకం కోసం వచ్చిన గుమాస్తాను తరవాత రమ్మన్నాడు. ఈలోగా ఆవిడ నీలం పళ్ళెం, సిరా అంటిన తొడుగు, పొరుగాయన నేరాల పేజీ బల్ల మీద వరసగా పేర్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చూస్తుండగా జరిగిన పరీక్షలో సీసా ఎవరి గుప్పిట్లోకీ రాలేదని, వేళకు జరగడం వల్లే అది చెడిందని కూడా చెప్పింది. ఆయన గుప్పిట విప్పి చూశాడు. బల్ల మీది గొట్టంలో మడ్డి అలాగే ఉంది. ఆయన చేతిలోనిది తేటగా ఉంది.

"మీకూ ఉంది సార్ హస్తవాసి," అన్నాడు వంటాయన.

"మీరు మాట్లాడకండి," అంది సందేహాలమ్మ. తరువాత పెద్దసారుతో, "నా ఉత్తరం మీకు తప్పుగా అర్థమయ్యేట్టు రాశాను. ఆ తప్పు నాది. తెర మీదున్న ఉత్తరం మాత్రం ఇప్పుడే తుడిచెయ్యండి. నేను చూస్తుండగా," అంది.

ఆయన తుడిచేశాడు. తుడిచాక, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "గుప్పిట అని విధానపత్రంలో రాయలేం కదండీ. పద్ధతిగా ముప్ఫై ఏడు డిగ్రీల వేడినీళ్ళ తొట్టి, వాటర్ బాత్, అని రాయండి," అన్నాడు.

"రాస్తాను. ఆ వాటర్ బాత్ చెడిపోయి ఏడు నెలలయింది. బాగుచేయించమన్న కాగితం మీ బల్ల మీద కుడి దొంతరలో, అడుగు నుంచి మూడోది."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా గుప్పిట."

"ఎవరిది?"

"ఎవరిదైనా సరే. అదే కదా నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది."

ఆ మధ్యాహ్నమే టెక్నీషియన్, విద్యార్థిని చెరొక సీసా గుప్పిట్లో పట్టుకుని పక్కపక్కన నిలబడ్డారు. గురువారం ఇద్దరి పళ్ళేలూ నీలం. దానివల్ల అందరూ సుఖపడ్డారని చెప్పడానికి లేదు. గోరువెచ్చన చేస్తే గాని కరగని మందు మనిషి రక్తంలో ఎలా కరుగుతుందని వంటాయన తల పట్టుకున్నాడు. దాన్ని సరిచేయడానికి ఇంకో ఏడాది మరగబెట్టాలి. పొరుగాయన సంగతంతా విని, వ్యాసం అచ్చయ్యేటప్పుడు తనకు కృతజ్ఞతలు చెప్పాలని కబురంపాడు. సందేహాలమ్మ ఆ కబురు కూడా ఆయన నేరాల పేజీలోనే రాసుకుంది.

ఆవిడ విధానపత్రం కొత్తగా రాసి గోడకు అంటిస్తుంటే టెక్నీషియన్ వచ్చి పక్కన నిలబడింది. ఒకటో మెట్టు: గడ్డ కరగనివ్వాలి. రెండో మెట్టు: వెచ్చబెట్టి, ఊపి, మందు పూర్తిగా కరిగినట్టు తెల్లగాజులో చూసుకోవాలి. ఆమె రెండుసార్లు చదివింది.

"అయితే నా చేతిలో ఏమీ లేదన్నమాట, మేడం."

గొంతులో కాస్త వెలితి వినబడింది. ఏడాది పాటు మోసిన పేరు. నింద అయ్యేముందు అది పొగడ్తగానే ఉండేది. సందేహాలమ్మ బల్ల సొరుగులోంచి థర్మామీటరు తీసి, ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మడిచి గుప్పిట మూసింది. గడియారం చూసి, అయిదు నిమిషాలాగి, విప్పించి చదివింది.

"ఎందుకు లేదు," అంది. "ముప్ఫై నాలుగు డిగ్రీలుంది."